మిగ్-21 మోడల్‌కు గుర్తులు: నల్లగొండ రేడియం షాపులో కోయించిన మాస్కులు ఎంతవరకు పనికొస్తాయి?

నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల రేడియం కటింగ్ షాపులకు కొదవ లేదు. బండ్ల నంబర్ ప్లేట్లు, ఆటోల వెనక పేర్లు, దుకాణాల అద్దాల మీద అక్షరాలు వాళ్లకు రోజువారీ పని. అలాంటి ఒక షాపులో రెండడుగుల ప్లాటర్ మీద మాస్కులు (రంగు పడకూడని చోటును కప్పిపెట్టే స్టిక్కర్ షీట్లు) కోయించి, వాటితో 1/48 స్కేల్ మిగ్-21 బైసన్ (ఆధునికీకరించిన మిగ్-21) మోడల్‌కు వాయుసేన గుర్తులు రంగుతోనే వేస్తే ఫలితం ఎట్లా ఉంటుందన్నదే ఈ రివ్యూ. ముందుగా తీర్పు చెప్పేస్తే చదివేవాళ్లకు సులువు. రౌండెల్‌కు (వాయుసేన గుండ్రటి గుర్తు), తోక మీది ఫిన్ ఫ్లాష్‌కు (మూడు రంగుల పట్టీ), సీరియల్ నంబరుకు ఈ కటింగ్ నిక్షేపంగా పనికొస్తుంది. షాపులో ఉండే వినైల్ (ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు) మాత్రం పనికిరాదు, షీటు మీరే తీసుకుపోవాలి. ఫైలు కూడా మీరే గీసుకుపోవాలి. 3 మిల్లీమీటర్ల కంటే చిన్న అక్షరాలు, స్క్వాడ్రన్ బొమ్మలు అక్కడ కోయించాలనుకుంటే డబ్బులు దండగ.

కిట్‌లో డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే అచ్చు గుర్తులు) వస్తుండగా ఈ తిప్పలెందుకు అనే ప్రశ్న సహజమే. మన గుర్తులో కాషాయం ఉంది, అదే కారణం. కాషాయానికి కప్పే గుణం తక్కువ. డెకాల్‌లో కాషాయం కింద తెలుపు దిట్టంగా అచ్చు వేయకపోతే, బూడిద రంగు విమానం మీద అంటించగానే అడుగు రంగు పైకి కనబడి కాషాయం కాస్తా ఇటుక రంగులోకి దిగిపోతుంది. డెకాల్ చుట్టూ ఉండే పారదర్శక పొర కింద గాలి చిక్కుకుంటే వెలుతురులో వెండి పొడి చల్లినట్టు మెరుస్తుంది. రంగుతో వేసిన గుర్తుకు ఈ రెండు బాధలూ లేవు. పైగా ప్యానెల్ గీతలు (విమానం రేకుల అతుకులను చూపే సన్న గాడులు) గుర్తు మధ్యలోంచి కూడా స్పష్టంగా కనిపిస్తాయి. అసలు విమానం మీద కూడా గుర్తు రంగేగా.

షీటు సంగతి ముందు చూద్దాం, సగం పని అక్కడే తేలిపోతుంది. షాపులో రెండు రకాలు ఉంటాయి. ఒకటి నంబర్ ప్లేట్లకు వాడే మెరిసే రిఫ్లెక్టివ్ షీటు. ఇది మందంగా, బిరుసుగా ఉంటుంది. గుండ్రటి ఒంటి మీద కూర్చోదు, అంచులు లేస్తాయి. రెండోది అద్దాల మీద, బండ్ల మీద అంటించే మామూలు రంగుల వినైల్. ఇది మందంలో పర్వాలేదు కానీ, దీని జిగురు ఎండా వానా తట్టుకుని ఏళ్ల తరబడి అంటుకుని ఉండేలా చేసింది. మోడల్ మీద నుంచి పీకితే కింది బూడిద రంగు, ఒక్కోసారి ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే అడుగు పూత) కూడా దానితోపాటే ఊడొస్తాయి. దీని జిగురు తగ్గించడానికి కొందరు అరచేతికి అంటించి తీస్తుంటారు, అది మానుకోవాలి. చేతి నూనె, చెమట జిగురుకు అంటి అక్కడి నుంచి మోడల్ మీదికి పోతాయి. తర్వాత రంగు ఆ చోట పట్టదు.

మాస్కింగ్ కోసమే తయారైన షీటు తెప్పించుకోవాలి. ఒరామాస్క్ 810, 813 అనేవి స్టెన్సిల్ పని కోసమే చేసినవి. మందం 80 మైక్రాన్లు, జిగురు తక్కువ. 810 కొంచెం పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కింద ఉన్న ప్యానెల్ గీతలు కనిపిస్తాయి, గుర్తును సరైన చోట కూర్చోబెట్టడం తేలిక. రౌండెల్‌కు 810 తీసుకోండి. ఇవి నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ దుకాణం మెట్లెక్కి కొనుక్కునే వస్తువులు కావు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. ముక్క ఏ4 సైజు కంటే చిన్నదైతే ప్లాటర్‌తో పేచీ వస్తుంది. ఆ మిషన్ పెద్ద రోల్ కోసం చేసింది, షీటును పట్టుకునే రబ్బరు చక్రాల మధ్య చిన్న ముక్క నిలవదు. షాపులో మిగిలిపోయిన వెడల్పాటి వెనక కాగితం ఒకటి అడిగి, దాని మీద మీ ముక్కను నాలుగు వైపులా టేపుతో బిగించి పెట్టించండి. రబ్బరు చక్రం మీ షీటు మీదుగా కాకుండా ఆ కాగితం మీదుగా పోవాలి. లేకపోతే చక్రం నొక్కిన గాడి మాస్కు మీద పడుతుంది, ఆ గాడి కిందికి రంగు పాకుతుంది.

ఇక ఫైలు. షాపులో కోరెల్‌డ్రా వాడతారు. మీరు ఇంక్‌స్కేప్‌లో గీసుకున్నా సరే, ఎస్‌వీజీ గానీ ఈపీఎస్ గానీ పీడీఎఫ్ గానీ పట్టుకుపోండి. డీఎక్స్ఎఫ్ వద్దు. అందులోకి మార్చేటప్పుడు వంపులు చాలాసార్లు చిన్న చిన్న సరళ రేఖలుగా విడిపోతాయి. బండి మీద అడుగు పొడుగు పేరుకు అది తెలియదు. 12 మిల్లీమీటర్ల రౌండెల్‌లో మాత్రం అంచు మొత్తం పలకలు పలకలుగా కనిపిస్తుంది. అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి మార్చాలి, కోరెల్‌లో అది కంట్రోల్-క్యూ. ఒకే గీత మీద ఇంకో గీత పడి ఉంటే బ్లేడు రెండుసార్లు తిరిగి షీటును చింపేస్తుంది. కాబట్టి డబుల్ గీతలు ముందే ఏరెయ్యాలి.

తప్పకుండా చేయాల్సింది ఇంకొకటి ఉంది. ఫైలులో ఒక మూలన సరిగ్గా 50 మిల్లీమీటర్ల చదరం గీసి ఉంచండి. ఎస్‌వీజీ ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానిలోకి పోయేటప్పుడు అంగుళానికి 96 చుక్కలా, 72 చుక్కలా అన్న లెక్క దగ్గర తేడా వచ్చి బొమ్మ మొత్తం చిన్నదో పెద్దదో అయిపోతుంది. 50 ఉండాల్సింది 37.5 అయితే కంటికి కనబడుతుంది. కానీ షాపతను బొమ్మను స్క్రీన్ మీద లాగి సరిచేసినప్పుడు 50 కాస్తా 49 అయితే ఎవరి కంటికీ ఆనదు. కోసిన వెంటనే, షాపులోనే, స్కేలు పెట్టి ఆ చదరం కొలవండి. పొడవూ వెడల్పూ రెండూ కొలవాలి. షీటు జారితే ఒక వైపే సాగుతుంది, రౌండెల్ కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

గుర్తు కొలతలు ఎక్కణ్నుంచి తీసుకోవాలి? మీరు చేస్తున్న ఫలానా విమానం ఫోటో నుంచే. వాయుసేన రౌండెల్‌లో బయట కాషాయం వలయం, దాని లోపల తెలుపు వలయం, నట్టనడుమ ఆకుపచ్చ బిళ్ల. మూడు పట్టీల వెడల్పు దాదాపు సమానం. అంటే ఆకుపచ్చ బిళ్ల వ్యాసం 4 మిల్లీమీటర్లయితే తెలుపు 8, కాషాయం 12. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క మాత్రమే. మరమ్మత్తు డిపోలో మళ్లీ రంగు వేసినప్పుడల్లా సైజు, స్థానం మారుతుండేవి కాబట్టి ఒక బైసన్ కొలత ఇంకో బైసన్‌కు నప్పుతుందని నమ్మకండి. అంకెల కంటే ప్యానెల్ గీతలు నమ్మకమైనవి. రౌండెల్ పై అంచు ఏ గీతను తాకుతోంది, కింది అంచు ఏ మూతకు ఎంత దూరంలో ఆగింది అని ఫోటోలో చూసి, అదే గీత కిట్ మీద ఎక్కడుందో అక్కడ కాలిపర్‌తో కొలవాలి. కిట్ సరైన స్కేల్‌లో ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోవడం మంచిది. మిగ్-21 రెక్కల కొస నుంచి కొసకు 7.154 మీటర్లు, 1/48లో 149 మిల్లీమీటర్లు, 1/72లో 99.4 రావాలి.

కటింగ్ దగ్గర షాపు పనితనం మీద పూర్తి మార్కులు ఇవ్వొచ్చు, అయితే పక్కన నిలబడి అడిగి చేయించుకుంటేనే. మిషన్ పొద్దంతా మందపాటి రిఫ్లెక్టివ్ షీటు మీద తిరుగుతుంటుంది. దాని ఫోర్సు, వేగం అలాగే ఉంచి మన సన్న షీటు పెడితే బ్లేడు వెనక కాగితాన్ని కూడా కోసేస్తుంది. "జర స్పీడ్ తగ్గియ్యి అన్నా, ఫోర్స్ సగం చెయ్యి" అంటే "నంబర్ ప్లేట్‌కు ఇదే పెడ్తం, మంచిగ తెగుతది" అనే జవాబే మొదట వస్తుంది. అప్పుడు పట్టు విడవకుండా ఒక చిన్న టెస్ట్ కోయించండి: 10 మిల్లీమీటర్ల చదరంలో 5 మిల్లీమీటర్ల వృత్తం. షాపతను దీనికి డబ్బులు అడగలేదు. విసుక్కోలేదు కూడా, ఇది చెప్పుకోవాల్సిన మాట.

ఆ టెస్ట్ ముక్కలో మూడు విషయాలు చూడాలి. షీటు పూర్తిగా తెగి, వెనక కాగితం మీద సన్న గీత మాత్రమే పడాలి. కాగితం తెగితే ఫోర్సు ఎక్కువ, లేదా బ్లేడు బయటికి ఎక్కువ వచ్చింది. చదరం మూలలు పదునుగా ఉండాలి. గుండ్రంగా వచ్చినా, మూల దాటి తోక కొట్టినా బ్లేడ్ ఆఫ్‌సెట్ (బ్లేడు మొన దాని ఇరుసు నుంచి ఎంత పక్కకు ఉందన్న సెట్టింగు) తప్పు. మామూలు బ్లేడుకు 0.25 మిల్లీమీటర్లు ఉండాలి. వృత్తం మొదలైన చోటే ముగియాలి. కలవకుండా వెంట్రుకంత మిగిలితే బిళ్ల తీసేటప్పుడు అక్కడ షీటు సాగి పంటిగాటు లాంటి ముక్క నిలుస్తుంది. దీనికి మందు ఓవర్‌కట్, అంటే గీత ముగిశాక బ్లేడు ఇంకో అర మిల్లీమీటరు ముందుకు పోయి ఆగేలా పెట్టడం. వేగం సెకనుకు 30 నుంచి 50 మిల్లీమీటర్లు చాలు. ఫోర్సు 80 గ్రాముల దగ్గర మొదలుపెట్టి పదేసి పెంచించండి. ఇవన్నీ సరిచేసినా అంచు నూగు నూగుగా వస్తే బ్లేడు మొద్దుబారిందని అర్థం. కొత్త బ్లేడు పెట్టమంటే పెట్టారు, అయితే అది వాళ్లంతట వాళ్లు చేసే పని కాదు.

కోసిన షీటులో రౌండెల్ ఒకదానిలో ఒకటి ఇమిడిన నాలుగు ముక్కలుగా ఉంటుంది. బయటి చదరపు షీటు, కాషాయం వలయం, తెలుపు వలయం, నడిమి బిళ్ల. ఒక్కో రౌండెల్‌కు రెండు సెట్లు కోయించాలి. రెండో సెట్‌లో బయటి వ్యాసం 0.1 మిల్లీమీటరు తగ్గించి గీసుకోవాలి. కారణం కింద తెలుస్తుంది.

అంటించే చోట ప్రైమర్ ఉండి తీరాలి. వట్టి ప్లాస్టిక్ మీద నేరుగా కొట్టిన ఆక్రిలిక్ రంగును తక్కువ జిగురు మాస్కు కూడా లేపేస్తుంది. బూడిద రంగు కొట్టి కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. మొదటి సెట్ నుంచి లోపలి మూడు ముక్కలూ తీసేసి, రంధ్రం ఉన్న చదరపు షీటును మాత్రమే విమానం మీద పెట్టండి. అంచును టూత్‌పిక్ మొనతో చుట్టూ నొక్కాలి, ముఖ్యంగా ప్యానెల్ గీత అంచు కింది నుంచి పోయే చోట. ఆ గాడి కాలువలాంటిది, రంగు దాని గుండానే కిందికి పోతుంది. అందుకే ముందుగా అడుగున ఉన్న బూడిద రంగునే ఒక పలుచటి పూత అంచు మీద కొట్టాలి. కారేదేదో అదే కారి గాడి మూసుకుంటుంది, కారినా అడుగు రంగే కాబట్టి కనిపించదు.

తర్వాత తెలుపు. టామియా కంపెనీ తెలుపు రంగు ఎక్స్ఎఫ్-2ను లెవలింగ్ థిన్నర్‌తో ఒకటికి ఒకటిన్నర పాళ్లలో కలిపి, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్నులాంటి పరికరం)కు 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 12 నుంచి 15 పీఎస్ఐ గాలి ప్రెషర్. మొదటి పూత పొడిపొడిగా, మంచు పడ్డట్టు ఉండాలి. ఒకేసారి తెల్లగా చేయాలనే ఆత్రం వద్దు. నాలుగు పలుచటి పూతలు, మధ్యలో పది పదిహేను నిమిషాలు. ఎయిర్‌బ్రష్‌ను అంచుకు నిట్టనిలువుగా పట్టాలి. పక్కవాటంగా కొడితే గాలి రంగును అంచు కిందికి తోస్తుంది. తెలుపు పడ్డాక ఒక రోజు ఆగాలి, చదరపు షీటు మాత్రం తీయకూడదు.

ఇప్పుడు రెండో సెట్. వలయాలూ బిళ్లా మూడింటినీ కలిపి ఒకే ముక్కగా అప్లికేషన్ టేపు (కోసిన ముక్కలను చెదరకుండా ఎత్తి అంటించే టేపు) మీదికి ఎక్కించి, రంధ్రంలో దించండి. బయటి షీటు మందం 80 మైక్రాన్లు కాబట్టి దాని అంచే గోడలా నిలబడి ముక్కను మధ్యకు తెస్తుంది. కొలిచి పెట్టే పని లేదు. ఆ గోడకు నాలుగు పూతల తెలుపు అంటి రంధ్రం కొద్దిగా ఇరుకైంది కాబట్టే రెండో సెట్‌ను 0.1 తగ్గించాం. తగ్గించకపోతే ముక్క పట్టక ఉబ్బుతుంది, ఆ ఉబ్బు కింద కాషాయం పాకుతుంది. ఈ పద్ధతిలో మూడు వృత్తాల కేంద్రం ఒకటే అవుతుంది. చేత్తో ఒక్కొక్కటి అంటిస్తే అర మిల్లీమీటరు పక్కకు జరగడం ఖాయం. రౌండెల్‌లో అది ఆమడ దూరం నుంచి కనబడుతుంది.

చిమటాతో కాషాయం వలయాన్ని తీసేసి రంగు కొట్టండి. టామియా ఎక్స్-6 ఆరెంజ్ ఒక్కటే అయితే ఎరుపు ఎక్కువ. దానిలో ఎక్స్ఎఫ్-3 పసుపు ఐదో వంతు, రెండు చుక్కల తెలుపు కలిపితే దగ్గరికి వస్తుంది. ఎండకు కాగిన విమానం కావాలంటే తెలుపు కొంచెం పెంచండి. కాషాయం కింద తెలుపు లేకుండా నేరుగా బూడిద మీద కొట్టి ఎన్ని పూతలు వేసినా ఆ నిగారింపు రాదు. కాషాయం ఆరాక ఆ వలయాన్ని తిరిగి దాని చోట కూర్చోబెట్టి, నడిమి బిళ్ల తీసి ఎక్స్ఎఫ్-5 ఆకుపచ్చ. రెండు మూడు పూతలు సరిపోతాయి.

మాస్కు పీకే సమయం ముఖ్యం. చివరి రంగు కొట్టి అరగంట, చేతికి అంటకుండా ఆరి ఇంకా గట్టిపడకముందే పీకాలి. మర్నాటిదాకా ఉంచితే రంగు మాస్కు అంచుకూ విమానానికీ మధ్య ఒకే పొరగా గట్టిపడి, పీకినప్పుడు పెళ్లలుగా విరుగుతుంది. షీటును నిలువుగా పైకి కాకుండా దాని మీదికే మడిచి, ఒంటికి ఆనుకున్నట్టు నెమ్మదిగా లాగండి. అంచున గట్టు మిగిలితే వారం ఆగి, 3000 నంబర్ ఎమరీని నీళ్లలో తడిపి రెండు రుద్దులు. అంతకంటే వద్దు, తెలుపు బయటపడుతుంది.

ఫిన్ ఫ్లాష్ దీనికంటే సులువు. మొత్తం దీర్ఘచతురస్రానికి తెలుపు, నడిమి పట్టీ మూసి ముందుభాగానికి కాషాయం, వెనక్కి ఆకుపచ్చ. తోకకు రెండు వైపులా కాషాయం విమానం ముక్కు వైపే ఉంటుంది. కాబట్టి ఎడమ వైపు చూస్తే కాషాయం ఎడమన, కుడి వైపు చూస్తే కుడిన. ఒక వైపు వేసిందాన్ని చూసి రెండో వైపు అదే వరసలో కొట్టేయడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. బ్రష్ పట్టే ముందు తోక మీద టేపు ముక్క పెట్టి కాషాయం ఎటో బాణం గీసుకోండి.

సీరియల్ నంబర్లలో బైసన్‌లకు ముందు సీయూ అక్షరాలు, వాటి వెంట నాలుగంకెలు. ఎక్కువమంది చేయాలనుకునేది 2019 ఫిబ్రవరి 27న అభినందన్ వర్ధమాన్ నడిపిన సీయూ2328. మాస్కు కోణంలో ఇది దయగల నంబరు. మూసిన గళ్లు ఒక్క 8లోనే ఉన్నాయి, రెండు. ఆ రెండు చిన్న దీవులు షీటుతో రాకుండా వెనక కాగితం మీదే ఉండిపోతాయి, మర్చిపోతే 8 కాస్తా నల్లటి ముద్ద అవుతుంది. అప్లికేషన్ టేపు వేసి గట్టిగా రుద్ది ఎత్తితే అక్షరం చుట్టూ ఉన్న షీటుతోపాటు దీవులూ సరైన చోటే వస్తాయి. అక్షరాల మోస్తరు మాత్రం కంప్యూటర్‌లో ఉన్న ఏ ఫాంట్‌తోనూ పూర్తిగా కలవదు. ఫోటోను అడుగున పెట్టి, దాని మీద గీసుకోవాలి. షాపతను "ఏరియల్ బోల్డ్ పెడ్దామా" అంటాడు. పెట్టించుకోకండి, 2 మెడ వంపు దగ్గరే దొరికిపోతుంది.

పాత విమానాలు చేసేవాళ్లకు ఒక మాట. 1942 నుంచి బర్మా వైపు పోరాడిన విమానాల గుర్తులో ఎరుపు తీసేశారు, జపాన్ వాళ్ల ఎర్ర బిళ్లతో పొరబడకుండా. ఆ తర్వాత స్థిరపడింది ముదురు నీలం, లేత నీలం రెండే రంగులు కాబట్టి హరికేన్ లాంటి యుద్ధవిమానాలకు ఈ షాపు మాస్కులు చక్కగా సరిపోతాయి. స్వాతంత్ర్యం తర్వాత 1950కి ముందు కొంతకాలం వాడిన అశోక చక్రం గుర్తుకు మాత్రం ఇక్కడికి రాకండి. 24 ఆకుల చక్రాన్ని ఈ సైజులో కోయడం ఆ బ్లేడు వల్ల కాదు. ఆకుకూ ఆకుకూ మధ్య షీటు బ్లేడుతోపాటే లేచిపోతుంది. అక్కడ డెకాలే గతి. స్క్వాడ్రన్ బొమ్మలు, "ఇక్కడ అడుగు పెట్టరాదు" లాంటి బుల్లి హెచ్చరికలకూ అంతే.

షాపు పని సరిగ్గా ఉన్నా షీటు గుణం వల్ల ఇబ్బంది పడే చోటు ఇంకొకటి ఉంది. వినైల్ ఒక దిశలో వంగిన ఒంటికి బాగా అంటుతుంది. రెండు దిశల్లో వంగిన చోట, రెక్క ఒంటిని కలిసే మూల దగ్గరలాంటిది, కాసేపటికి అంచు లేస్తుంది. బయటి షీటుకు అక్కడక్కడ రంధ్రానికి మిల్లీమీటరు దూరం దాకా గాట్లు పెడితే కొంత లొంగుతుంది. అప్పటికీ కూర్చోకపోతే టామియా పసుపు టేపు లాంటి కబుకీ కాగితపు షీటు తెప్పించి అదే ఫైలును దాని మీద కోయించండి. దానికి ఫోర్సు ఇంకా తగ్గించాలి.

మన ఎండలకు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్‌లో ఎండ 43 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం రంగు కొడితే నాజిల్ నుంచి విమానం చేరేలోపే ఆరి, గరుకుగా పొడిలా పడుతుంది. కాషాయంలో ఇది మరీ తెలుస్తుంది. పొద్దున ఏడింటిలోపు కొట్టండి, రిటార్డర్ (రంగు తొందరగా ఆరకుండా చేసే ద్రవం) రంగుకు పదో వంతు మించకుండా కలపండి. రేకుల గదిలో దాచిన మాస్కు షీటు జిగురు మెత్తబడి విమానం మీద మరకలు వదులుతుంది. అలాంటి మరకకు పెట్రోలు, థిన్నర్ ముట్టకండి. అదే మాస్కు ముక్కను జిగురు వైపు మళ్లీ మళ్లీ అద్ది తీస్తే మరక దానితో వచ్చేస్తుంది. వానాకాలంలో ముసురు పట్టిన రోజు లాకర్ రకం రంగు కొడితే తెల్లటి పొగలాంటి పొర కడుతుంది, ఆ రోజు మాస్కింగ్ పని పెట్టుకోవడం మేలు.

ఖర్చు దగ్గరికొస్తే, మన షీటు మనం తీసుకుపోతే ఏ4 అంత ముక్కకు కటింగ్ వరకే 100 నుంచి 150 రూపాయలు తీసుకున్నారు. అందులో 1/48 బైసన్ గుర్తులన్నీ రెండేసి సెట్లు పడతాయి, పాడైతే వాడుకోవడానికి ఇంకొన్ని వలయాలు కూడా. ఈ ధరకు ఇది గిట్టుబాటు. అనవసర భాగాలు పీకే పని వాళ్లకు అప్పజెప్పకండి. వాళ్లు పెద్ద అక్షరాల అలవాటుతో బరబరా లాగేస్తారు, సన్న వలయం సాగిపోతుంది. కోసిన షీటు అట్లాగే తెచ్చుకుని ఇంట్లో భూతద్దం కింద తీసుకోవడమే మంచిది. చుట్ట చుట్టకుండా అట్టల మధ్య పెట్టి తెచ్చుకోవాలి, చుడితే వలయాలు వెనక కాగితం నుంచి లేస్తాయి.

ఒక్క అసంతృప్తి టైము దగ్గర. ఎలక్షన్లప్పుడు పార్టీల స్టిక్కర్లతో, పెండ్లిళ్ల సీజన్‌లో కార్ల మీద పేర్లతో, వినాయక చవితి ముందు మండపాల బోర్డులతో షాపు ఊపిరాడకుండా ఉంటుంది. అప్పుడు పోతే ఫైలు తీసుకుని "రేపు రండి" అంటారు, ఆ రేపటికి మనం పక్కన లేకుండానే నంబర్ ప్లేటు సెట్టింగులతో కోసి పెట్టేస్తారు. అట్లా కోసిన షీటులో వెనక కాగితం కూడా తెగి, ఎత్తబోతే ముక్కలు ముక్కలుగా వచ్చింది. మామూలు రోజుల్లో, పొద్దున షాపు తెరిచిన గంటలోపు పోయి, టెస్ట్ చదరం కోయించుకుని, స్కేలుతో కొలిచి, అప్పుడు అసలు ఫైలు ఇవ్వండి.